ఎర్ర గీత లోపలి గది

తాక్ మిరాన్ చేతికి ఏ ఇంటి ప్లాను వచ్చినా మొదట ఎర్ర పెన్సిలు తీస్తుంది. ఇంటి చుట్టూ ఒక గీత గీస్తుంది. మొదలుపెట్టిన చోటికి తిరిగొచ్చేదాకా చెయ్యి ఎత్తదు. ఆ గీత వెంబడే గోడల్లో థర్మోకోల్ పలకలు నడవాలి, నేల కింద నడవాలి, కప్పు మీద నడవాలి. గీత లోపలున్నదాన్ని ఇల్లు కాచుకుంటుంది. బయటున్నదాన్ని చొర్వన్ లోయ చలికి అప్పజెప్పినట్టే. పెన్సిలు మధ్యలో ఎత్తాల్సొచ్చిందంటే అక్కడ వేడి కారిపోతుందని అర్థం. అలాంటి ప్లాను ఎంతటి ఆసామి ఇంటిదైనా ఆమె ఒప్పుకోదు.

ఆ మార్చి ఉదయం కూ ప్యొంగ్‌మన్ ఇంట్లో ఆ గీత వంటింటి వెనక్కొచ్చి ఆగింది.

కూ ఆ లోయలో పెద్ద రైతు. వరసగా పాలీహౌస్‌లు వేసి టమాటా, దోస పండిస్తాడు. చుట్టుపక్కల ఎవరికీ లేని ఇల్లు కట్టాలని పట్టుదల. బయట ఎంత మంచు కురిసినా లోపల బనీనుతో తిరగాలి, బిల్లు చూసి బావమరిదికి కళ్ళు కుట్టాలి, తక్కువ కరెంటుతో నడిచే ఇల్లని పైవాళ్ళిచ్చే సర్టిఫికెట్టు హాల్లో గోడకి వేలాడాలి. ఈ మూడు కోరికలూ కాంట్రాక్టరు ప్యోకి చెప్పుకుంటే, ప్యో తన దగ్గర పని చేసే మిరాన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. కింద వేడినీళ్ళ గొట్టాలు నడిచే పాతింటి నేల మాడిపోయేంత వేడిగా ఉంది. పొట్టి బల్ల మీద ప్లాను పరిచి, నాలుగు మూలలా కాగితం కప్పుల్లో పొట్లం కాఫీ బరువుగా పెట్టుకుని కూర్చున్నారు.

"ఇక్కడ వంటింటి వెనక తోకలా వేలాడుతోంది, ఏంటండీ ఇది?" అంది మిరాన్.

"స్టోరు. దాన్ని పట్టించుకోకు. నీ గీత బయటే వదిలెయ్. ఎరువు బస్తాలకి చలేస్తుందా ఏంటి?" అన్నాడు కూ.

ప్యో పెద్దగా నవ్వాడు. డబ్బిచ్చేవాడి జోకుకి ఎంత నవ్వాలో అంతా నవ్వాడు. మిరాన్ కూడా నవ్వింది. నవ్వుతూనే చూసింది, ఎరువు బస్తాల గదికి ఒక కిటికీ ఉంది. పడుకున్న మనిషి చెయ్యి చాపితే అందేలా ప్లగ్గు పాయింటు ఉంది. బస్తాలు ఫోను ఛార్జింగు పెట్టుకుంటాయా అని అడగాలనిపించి ఊరుకుంది.

అంతలో తలుపు జరుపుకుని ఒకమ్మాయి టమాటాల అట్టపెట్టె మోసుకొచ్చింది. ముప్పైలోపే ఉంటుంది. రెండు స్వెట్టర్ల మీద మగవాళ్ళ పాత కోటు. చేతివేళ్ళు ఉబ్బి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. పెట్టె గుమ్మం పక్కన దింపి, వెంటనే వెళ్ళిపోకుండా ఒంగి అరచెయ్యి నేలకి ఆనించింది. అందరూ ప్లానులో తలలు దూర్చి ఉన్నారు కదా, ఎవరూ చూడరనుకుంది పాపం. అటు తిప్పి ఇటు తిప్పి, రొట్టె కాల్చినట్టు రెండు వైపులా కాచుకుంది.

"సుమీ! తలుపు తీసి అట్టా నిలబడితే వేడంతా పోదుటే?" అని కేకేసింది కూ భార్య సూన్‌రే. ఆ పిల్ల చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, తలొంచి, తలుపు మూసుకుని వెళ్ళిపోయింది.

"కంబోడియా పిల్ల. అసలు పేరు సొపీప్. మాకు నోరు తిరగదు, నేనే సుమీ అని పెట్టాను" అంది సూన్‌రే. కేకేసినా మంచిదే ఆవిడ. పియర్ పండు తొక్క తెగకుండా తీస్తూ, కడుపులో మాట దాచుకోలేక అనేసింది. "ఆ స్టోరు దాని కోసమే. కాగితం మీద గదని రాస్తే ఆఫీసువాళ్ళు వంద ప్రశ్నలు అడుగుతారని ఈయన స్టోరని రాయించారు. ఇన్నాళ్ళూ నల్ల టెంటులో డబ్బా గదిలో పడుకుంది పిల్ల. ఇప్పుడు గోడలున్న గది ఇస్తున్నాం. ఈ లోయలో పనివాళ్ళకి ఎవరిస్తున్నారు చెప్పు?"

కూ దగ్గాడు. ఆ దగ్గు భార్యకి.

"మరి వేడి?" అంది మిరాన్.

"కరెంటు పరుపు ఇచ్చాంగా" అన్నాడు కూ. "అయినా వేడి దేశం నుంచి వచ్చిన మనిషి. ఒంట్లో వేడి నిలవుంటుందిలే."

ప్యో మళ్ళీ నవ్వాడు. మిరాన్‌కి ఒళ్ళు మండిపోయింది. మండినా ఏం చేసింది? పెన్సిలు తిప్పి, వంటింటి గోడ వెంబడే గీత లాగి, ఆ గదిని బయట వదిలేసి, మొదలుపెట్టిన చోటికి తెచ్చి కలిపేసింది.

మధ్యాహ్నం ప్యో కూతో కలిసి సరిహద్దు రాళ్ళు చూడ్డానికి వెళ్ళాడు. ఎండ ఏ వైపు నుంచి పడుతుందో, గాలి ఏ వైపు నుంచి కొడుతుందో చూడాలని మిరాన్ పాలీహౌస్‌ల మధ్య నడుచుకుంటూ వెళ్ళింది. చివరి వరసలో నల్ల గుడ్డ కప్పిన టెంటు కనబడింది. లోపల ఒక ఇనప డబ్బా గది. గుమ్మం ముందు బకెట్లో నీళ్ళు పైన గడ్డకట్టి ఉంటే సొపీప్ గరిటెతో కొట్టి, కింద నీళ్ళు ముంచుకుంటోంది.

"అక్కా, లోపలికి రండి. కూర్చోండి" అంది చూడగానే. లోపల నిలబడే చోటు లేదు. గోడలకి నీళ్ళు పట్టి, పట్టిన చోటే గడ్డకట్టి మెరుస్తున్నాయి. కరెంటు పరుపు మీద ఉన్న బట్టలు పక్కకి నెట్టి, వెచ్చగా ఉన్న సగం మిరాన్‌కి ఇచ్చి, తను రేకు మీద కూర్చుంది. మిరాన్ లేచి జరగబోతే చెయ్యి పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది. వద్దంటే బాధపడేలా ఉంది.

"అక్క ఇల్లు గీస్తుంది కదా. నా గది ఉంది అందులో. అమ్మగారు చెప్పారు."

"ఉంది."

"నేల వెచ్చగా ఉంటుందా? పెద్దింట్లోలాగా?"

సొపీప్ ఎడమ చెయ్యి చాపి చిటికెనవేలు చూపించింది. మిగతా వేళ్ళు ఎర్రగా ఉంటే అది మాత్రం నల్లబడి, గోరు లేకుండా ఉంది.

"దీనికి ఏమీ తెలియదు అక్కా. గిచ్చినా తెలియదు. పోయిన చలికాలం ఇట్లా అయింది. ఇంకో చలికాలం ఇట్లాగే పడుకుంటే తీసెయ్యాలి, పక్క వేలు కూడా పోవచ్చు, అన్నాడు డాక్టరు. టమాటా కోయడానికి వేళ్ళు కావాలి కదా. అందుకే అడుగుతున్నా."

"ఉంటుంది" అంది మిరాన్. నోట్లోంచి మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "నేల వెచ్చగా ఉంటుంది. నేను చూస్తాను."

సొపీప్ నవ్వింది. ముందు పళ్ళు కొంచెం ఎత్తు, నవ్వితే చిన్నపిల్లలా ఉంది. మిరాన్‌కి అక్కడ ఇంకో నిమిషం కూర్చోవాలంటే భయమేసింది.

వ్యాను ఊరు దాటాక ప్యోతో అంది. "ఆ స్టోరు ఉంది చూశారూ, అందులో మనిషి పడుకుంటుందట. మనం గీత బయట వదిలేశాం. గోడలో పలక లేదు, నేలలో గొట్టం లేదు. ఆ పిల్ల ఇప్పుడుంటున్న డబ్బా గదికీ దానికీ పెద్ద తేడా ఏముంది?"

"తెలుసు."

"తెలిసే నవ్వారా?"

"నవ్వక ఏడవమంటావా?" ప్యో స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు. చెడ్డవాడేం కాదు, మెతక మనిషి. మెతకతనంతోనే ఇన్నేళ్ళు వ్యాపారం నెట్టుకొచ్చాడు. "మిరాన్, ఒక మాట చెప్తా విను. నువ్వెళ్ళి ఆయన ముందు మనిషి మాట ఎత్తావనుకో, నన్ను మనిషి కాదంటున్నావా అంటాడు. కోపం వస్తుంది. కాంట్రాక్టు పోతుంది, ఆ పిల్లకి అదీ ఉండదు. ఇల్లు కట్టుకునేవాడు గోడకి ఖర్చు పెడతాడు. నువ్వు గోడ మాట ఎత్తు."

మిరాన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మంచు తొలగని గట్లు, నల్ల టెంట్లు, మళ్ళీ గట్లు. ఎన్ని నల్ల టెంట్లు ఉన్నాయో ఇన్నాళ్ళూ ఎప్పుడూ చూడలేదు. ఇంటికి చేరేలోగా ఏం చెప్పాలో మాటకి మాట కూర్చుకుంది.

మర్నాడు కాక ఆ మర్నాడు మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చున్నారు. ఈసారి మిరాన్ కాఫీ ముట్టుకోకుండానే మొదలుపెట్టింది.

"ఓనరుగారూ, మీ వంటింటి వెనక గోడకి నల్ల బూజు పడుతుంది."

కూ కాఫీ కప్పు దింపాడు. "కొత్త గోడకా?"

"మొదటి చలికాలంలోనే. ఆ స్టోరు నేలా మీ వంటింటి నేలా ఒకటే కాంక్రీటు దిమ్మ మీద ఉన్నాయి. చలి అందులోంచి పాకుతుంది. ఇటు అమ్మగారు సూపు కాస్తారు, ఆవిరి వెళ్ళి ఆ చల్లని మూలకి కొట్టుకుంటుంది. నీళ్ళు దిగుతాయి, బూజు పడుతుంది. పైగా చివర్లో తలుపుకి ఫ్యాను బిగించి గాలి లాగి చూస్తారు, ఎక్కడ చిల్లుందో అని. ఆ మూల దగ్గర తేలిపోతే సర్టిఫికెట్టు రాదు."

కొంత నిజం, కొంత ఉప్పూ కారం. చలి పాకే మాట నిజమే. ఆ మూలకి ఒక పలక అడ్డంగా వేస్తే ఆగిపోయే చలి అది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. ప్యో గోడ మీద క్యాలెండరు చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

"అయితే స్టోరు పీకెయ్. ఊళ్ళో బోలెడంత చోటుంది బస్తాలకి" అన్నాడు కూ.

మిరాన్ ప్లానుని తన వైపు లాక్కుంది. ఇంత తెలివిగా అల్లుకొచ్చి, ఆ పిల్లకి దక్కే నాలుగు గోడలు కూడా తనే ఊడగొట్టేలా ఉంది. పండు కోస్తున్న సూన్‌రే కత్తి ఆపి మొగుడి వైపు చూసింది, తర్వాత మిరాన్ వైపు చూసింది.

"పీకితే ఇంటి వెనక గాలి నేరుగా వంటింటికి కొడుతుందండీ. స్టోరు అడ్డం ఉంటేనే మంచిది." మాటలు తోసుకొచ్చాయి. "నన్నడిగితే గీతనే ఇలా వెనక్కి జరిపేద్దాం. స్టోరు లోపలికొచ్చేస్తుంది. ఇల్లు సూటిగా పెట్టెలా అవుతుంది, మూలలు తగ్గుతాయి. మూల తగ్గితే పలకలు కోసే కూలీ తగ్గుతుంది. నేలలో ఒక గొట్టం చుట్ట ఎక్కువ వేస్తాం, అంతే. బూజు ఉండదు, సర్టిఫికెట్టుకి బెంగ ఉండదు."

"ఎరువు బస్తాల కింద వేడినీళ్ళు!" కూ తల పట్టుకున్నాడు. "నా బావమరిది వింటే పడీపడీ నవ్వుతాడు."

"మీ బావమరిది ఇంట్లో బూజు లేదా?"

బావమరిది ఇంట్లో పడకగది మూల నల్లగా పట్టిందని ఊరంతా తెలుసు. కూ కాసేపు గొణిగాడు, ప్యోతో బేరమాడాడు, ఆఖరికి "కానీ" అన్నాడు.

మిరాన్ పాత గీత రబ్బరుతో చెరిపి కొత్తది గీసింది. ఈసారి పెన్సిలు వంటింటి దగ్గర ఆగలేదు. స్టోరు చుట్టూ తిరిగి, సూటిగా వచ్చి కలిసింది. ఎంత తేలికైపోయిందో ప్రాణం! బయటికొచ్చి బూట్లు తొడుక్కుంటుంటే పెట్టెలు మోస్తూ సొపీప్ ఎదురైంది. మిరాన్ బొటనవేలు పైకెత్తి చూపించింది. సొపీప్ పెట్టెలతో సహా ఒంగి దండం పెట్టింది, పైపెట్టె జారితే ఇద్దరూ కలిసి పట్టుకున్నారు.

దారిలో ప్యో "గట్టిదానివే" అన్నాడు. ఇల్లు చేరేదాకా మిరాన్ ఆ మాట చప్పరిస్తూనే ఉంది.

అక్టోబరులో గొట్టాలు పరిచే రోజొచ్చింది. గోడలు లేచాయి, మందంగా పలకలు తొడిగారు, మూడు పొరల అద్దాల కిటికీలు బిగించారు. ఇక నేల మీద పలకలు పరిచి, పలకల మీద జాలీ పరిచి, దానికి తెల్ల గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా కట్టాలి. మర్నాడు పంపు బండి వచ్చి సిమెంటు మాలు పోసేస్తుంది. పోశాక కింద ఏముందో ఎవరికీ కనబడదు.

ఈ ఇంటికి గోరువెచ్చని నీళ్ళు చాలని మిరాన్ లెక్క కట్టింది. గోడలు బాగా కాచుకుంటాయి కాబట్టి నేల మాడక్కర్లేదు. గొట్టాలు దూరదూరంగా పరిపించింది. స్టోరు దగ్గరికి వచ్చేసరికి పనివాళ్ళ పక్కనే తనూ కూర్చుంది.

"ఇక్కడ దగ్గరదగ్గరగా వెయ్యండి. ఈ దూరంలో సగం."

"సగమా? కాలిపోతుంది మేడమ్!"

"ఈ గదికి మూడు వైపులా బయటి గోడే. పైగా దీనికి వాల్వు వేరే. ఎక్కువైతే తగ్గించుకుంటారు."

పొలం పని తెమిలిన రోజు కావడంతో కూ సొపీప్‌ని కూడా సాయానికి పంపించాడు. గొట్టం వంపు దగ్గర ఒకరు పట్టుకోవాలి, ఒకరు తీగ బిగించాలి. సొపీప్ తన గదిలో తన నేలకి తనే తీగలు బిగించింది. చిటికెనవేలు అడ్డొస్తే దాన్ని పైకెత్తి పెట్టుకుని, మిగతా వేళ్ళతో మెలి తిప్పింది. గొట్టం కొసన నీళ్ళు వదిలి ఒత్తిడి చూసేదాకా అక్కడే ఉంది.

"అక్కా, ఇక్కడ నా తల, ఇక్కడ నా కాళ్ళు" అని గొట్టాల మధ్య పడుకుని చూపించింది. పనివాళ్ళు ఘొల్లున నవ్వారు. "అప్పుడే గృహప్రవేశం చేసేసింది రోయ్" అన్నాడొకడు. సొపీప్‌కి మాట సగమే అర్థమైనా అందరికంటే ఎక్కువ తనే నవ్వింది.

మర్నాడు మాలు పోస్తుంటే మిరాన్ స్టోరు గుమ్మంలో నిలబడి, బూడిదరంగు ముద్ద తెల్లగొట్టాల మీదుగా జారి, నిండి, సమంగా అయ్యేదాకా చూసింది. ఎవరికీ తెలియకుండా మంచిపని చేసినప్పుడు ఒక గర్వం ఉంటుందే, అది ఒంటినిండా ఉంది.

నవంబరు నెలాఖరుకి గట్ల మీద గడ్డి తెల్లబడింది. కూ కుటుంబం కొత్తింట్లోకి మారింది, పాతింటిని కూల్చేశారు. మిరాన్ ఆఖరి పరీక్షకి ఫ్యాను తెచ్చి వీధితలుపుకి బిగించింది. ఫ్యాను రొద పెడుతూ ఇంట్లో గాలి లాగుతుంటే, పొగపుల్ల పట్టుకుని ప్రతి కిటికీ అంచూ, ప్రతి ప్లగ్గూ తిరిగింది. పొగ ఎక్కడా వంగలేదు. ఫ్యాను మీద అంకె చూసి ప్యో ఈలేశాడు. కూ అప్పటికే బావమరిదికి ఫోను కలిపాడు. "ఒరే, నా ఇల్లు ఊపిరి బిగపట్టిందిరా! నువ్వూ ఉన్నావ్, నీ బూజూ ఉంది!"

ఇక గది గదికీ వేడి కొలవాలి. హాలు, పడకగదులు, వంటిల్లు, అన్నీ సమంగా ఉన్నాయి. సూన్‌రే వెనకే తిరుగుతూ మాట్లాడుతోంది.

"ఇల్లంతా వెచ్చగానే ఉంది అమ్మాయ్, కాదనను. ఎటొచ్చీ నేల మీద నడుం వాలిస్తే వీపు కాలదు. పాతింట్లో బాయిలరు వైపు మూల ఎట్టా ఉండేదీ, నువ్వు కూర్చున్నావుగా! వయసొచ్చిన నడుములకి అది కావాలి."

"ఈ ఇల్లు అంతేనండీ. అంతటా కొంచెం కొంచెం."

"అదే నేనూ మొదట బెంగపడ్డాను. నడుం సరే, పులవబెట్టే సోయా మెజు ఎక్కడ పెట్టాలి? గోరువెచ్చని నేల మీద పెడితే పులవదు, కుళ్ళుతుంది. మా అత్తగారి కాలం నుంచి ఒక్క ఏడు తప్పలేదు మాకు. అప్పుడు ఈయనే అన్నారు, పిచ్చిదానా, ఆ స్టోరు నేల చూడు అని. చూద్దును గదా, అచ్చం పాతింటి మూలే! నువ్వెట్టా కట్టావో గానీ నీ చేతికి దండం పెట్టాలి."

అంటూ స్టోరు తలుపు తీసింది.

వేడి ముఖానికి కొట్టింది. దానితోపాటు పులిసిన సోయా వాసన, మాగిన గడ్డి వాసన. గదినిండా నేల మీద వరిగడ్డి పరిచి, సోయా పప్పు ఉడికించి దంచి ఇటుకల్లా చేసిన మెజు దిమ్మల్ని వరసలుగా పేర్చారు. దిమ్మకీ దిమ్మకీ మధ్య మళ్ళీ గడ్డి. వాటి మీద పూలపూల మందపాటి దుప్పటి, అంచులు లోపలికి మడిచి, చంటిబిడ్డకి కప్పినట్టు కప్పి ఉంది. కిటికీకి అట్ట కొట్టేశారు, వెలుగు తగిలితే మెజుకి మంచిది కాదని.

మిరాన్ కొలిచే పరికరం నేలకి పెట్టడం మర్చిపోయింది.

"సుమీ ఎక్కడ?"

"టెంటులోనే. ఇది అయ్యేదాకా. కొత్త కరెంటు పరుపు కొనిచ్చాంలే, పెద్దది."

"ఎప్పుడవుతుంది ఇది?"

"నడి చలికాలం దాటాలి. తర్వాత మిరప నారు ట్రేలు పెడతానంటున్నారు ఈయన. మొలకకి వేడి కావాలిగా. ఆ తర్వాత అంటే..." సూన్‌రే వేళ్ళు మడవబోయి ఆపేసింది. ఆ తర్వాత ఎండలొస్తాయి, అప్పుడు వెచ్చని గది ఎవరికీ అక్కర్లేదు.

మిరాన్ నేల వైపు చెయ్యి చూపించింది. "అమ్మగారూ, ఈ గది ఆ పిల్లది. మీరే చెప్పారు మార్చిలో. ఆ పిల్ల వేలు చూశారా మీరు? ఈ చలికాలం కూడా డబ్బాలోనే పడుకుంటే తీసెయ్యాలన్నాడు డాక్టరు. ఈ నేల దాని కోసమే వేశాను నేను. గొట్టాలు దగ్గరగా వేసింది అందుకే."

సూన్‌రే ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టుంది.

"మరి ఆ మాట అప్పుడనలేదేం?"

మిరాన్ చేతిలో పరికరాన్ని అటూ ఇటూ తిప్పింది.

"గోడకి బూజు పడుతుందన్నావు. సర్టిఫికెట్టు రాదన్నావు. మా ఆయన అదే నమ్మాడు. గోడ కోసం పెట్టిన వేడి ఊరికే పోతోంది కదా, మెజుకి పనికొస్తుందన్నాడు. ఏమనను నేను? అదీ నిజమేగా." ఆవిడ దుప్పటి అంచు సర్దుతూ కూర్చుండిపోయింది. "ఆ రోజు బల్ల దగ్గర నువ్వొక్క మాట, ఇందులో మనిషి పడుకుంటుంది అని అని ఉంటే, నేనూ అందుకునేదాన్ని. చదువుకున్నదానివి, బయటి నుంచి వచ్చినదానివి, నువ్వంటే ఆయన వినేవాడేమో. మొదటి మాట నేనెట్టా అంటాను అమ్మాయ్? నీ కోసం చూశాను."

ఎవరో చెంప మీద కొట్టినా అంత మంట ఉండేది కాదు. తను ఎంత తెలివిగా మాట్లాడిందో ఆ రోజు! మూలలు, ఆవిరి, కూలీ, బావమరిది బూజు. అన్నీ అంది. గదికి వేడి అడిగింది, సంపాదించింది కూడా. ఆ పిల్ల పేరు మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. పేరు లేని వేడి కాబట్టి ఎవరికి కావాలంటే వాళ్ళకి పోయింది.

"ఇప్పుడంటున్నాను కదా" అంది.

"ఇప్పుడా?" సూన్‌రే దిమ్మల వైపు చూసింది. "ఇప్పుడు కదిపితే ఏడాది పప్పంతా పోతుంది. ఆయన నన్ను బతకనివ్వడు. చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం." లేచి, పొయ్యి మీద ఏదో మాడుతోందన్నట్టు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాడు వాసనేమీ రావడం లేదు.

వెనక తలుపు చప్పుడైంది. సొపీప్ వచ్చింది. బూట్లు గుమ్మం బయట విప్పి, చేతి తొడుగులు తీసి కోటు జేబులో కుక్కుకుని లోపలికి అడుగుపెట్టింది. మిరాన్‌ని చూసి ముఖం విప్పారింది.

"అక్కా! బాగున్నారా? గది చాలా బాగా వచ్చింది అక్కా. చాలా వెచ్చగా ఉంది."

ఆ మాటలో దెప్పు ఉంటే బాగుండునని మిరాన్ వెతికింది. ఏమీ లేదు.

"నువ్వు ఇక్కడికి..."

"తిప్పాలి కదా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. లేకపోతే ఒక పక్కే పులుస్తుంది. అమ్మగారు నడుం వంచలేరు. నా పని అది." గర్వంగానే చెప్పింది. మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి సగం మడిచి, మొదటి దిమ్మ రెండు చేతులా ఎత్తి, కింది వైపు పైకి తిప్పి, గడ్డి సర్ది, మళ్ళీ పెట్టింది. తర్వాత రెండోది. తొందరేమీ లేదు. ఒక్కో దిమ్మ కింద చెయ్యి పెట్టి కాసేపు ఉంచుతోంది, తర్వాతే ఎత్తుతోంది. బుగ్గలకి నెమ్మదిగా రంగొచ్చింది. కోటు బొత్తాలు విప్పుకుంది.

మిరాన్ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. వెళ్ళి కూ ముందు నిలబడి అడుగుదామా అనుకుంది. మాటలు కూర్చుకుంది, చెరిపేసుకుంది. హాల్లో కూ ఇంకా ఫోనులో బావమరిదిని ఏడిపిస్తున్నాడు. ప్యో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్నాడు.

ఫోను కట్టేసిన చప్పుడు, ఆ వెంటనే కేక. "సుమీ! తిప్పడం అయిందా లేదా? ఎంతసేపు? బయట పంపు గడ్డకట్టేలా ఉంది, పోయి గుడ్డ చుట్టు!"

సొపీప్ చేతిలో ఆఖరి దిమ్మ ఉంది. ఆమె తలెత్తి తలుపు వైపు చూసింది.

మిరాన్ నోరు తెరిచింది. ఇప్పుడైనా అనాల్సిన మాట నాలుక మీదే ఉంది. చిన్న మాట, నాలుగు ముక్కలు. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"ఆగండి ఓనరుగారూ! ఈ గది కొలతలు ఇంకా కాలేదు. ఈ అమ్మాయి సాయం కావాలి నాకు."

"ఓ, సర్టిఫికెట్టు పనా? అయితే కానివ్వు, కానివ్వు. తొందరేం లేదు" అంది కూ గొంతు.

మిరాన్ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. పరికరం చేతిలో ఊరికే పట్టుకుని ఉంది. సొపీప్ ఆఖరి దిమ్మ తిప్పి, గడ్డి సర్ది, దుప్పటి లాగి అంచులు మడిచింది. లేవబోయింది. మిరాన్ వైపు చూసింది, మూసి ఉన్న తలుపు వైపు చూసింది. తర్వాత మోకాళ్ళ మీదే జరుగుతూ మొదటి వరస దగ్గరికి వెళ్ళి, దుప్పటి తీసి, మళ్ళీ మొదటి దిమ్మ నుంచి తిప్పడం మొదలుపెట్టింది.